ప్రాక్సీలు, రికార్డులు, రహస్యాలు: కాలేజీ మొదటి ఏడాదిలో ముందే తేల్చుకోవలసినవి

కాలేజీలో చేరిన మొదటి నెల నుంచే తప్పొప్పుల ప్రశ్నలు మొదలవుతాయి. అవి ప్రశ్నల్లా మాత్రం రావు. "మామా, ఇవాళ నా ప్రాక్సీ వేసెయ్ రా" అన్న మాటగా వస్తాయి, అంటే క్లాసుకి రాని మనిషి హాజరు మీరు పలకాలి. "ఏయ్, నీ ల్యాబ్ రికార్డు ఒక్కసారి ఫోటో తీసి పెట్టవే, పొద్దున్నే సబ్మిషన్" అన్న మెసేజీగా వస్తాయి. అడిగేది పక్క మంచం మీద పడుకునే రూమ్మేటు, నిన్న రాత్రి ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ అందరికీ పంచిన మనిషి. జవాబు చెప్పడానికి ఉండే సమయం, సార్ 41 తర్వాత 42 అని పిలిచేంత. ఆ కాస్త సమయంలో ఎవరూ మంచిచెడ్డలు తూచలేరు. మన తరఫున మొహమాటమే జవాబు చెప్పేస్తుంది.

మొదటి ఏడాది పిల్లలు తప్పని తెలియక తప్పు చేస్తారని నేను అనుకోను. అడిగిన క్షణంలోనే తేల్చుకోవాల్సి రావడంతో చిక్కుకుంటారు. అందుకే ఎవరూ అడగకముందే నిర్ణయం తీసుకుని, చెప్పాల్సిన మాట కూడా సిద్ధం చేసుకోవాలన్నది నా వాదన. తేల్చుకోవడానికి పెద్ద తత్వశాస్త్రం అక్కర్లేదు. ఈ పని కింద ఎవరి పేరు, ఎవరి సంతకం ఉంటుంది? దీనికి ఒప్పుకోని మూడో మనిషికి దెబ్బ తగులుతుందా? రేపు మనసు మారితే వెనక్కి తీసుకోగలమా? ఒక్కో సందర్భంలో ఈ ప్రశ్నలకి ఒక్కో జవాబు వస్తుంది. అన్నిటినీ "చిన్నదేలే" అని ఒకే గాటన కట్టడం ఎంత తప్పో, అన్నిటినీ మహాపాపాలుగా చూపించి భయపెట్టడం కూడా అంతే తప్పు.

ఇక్కడ చెప్పే నిబంధనలు ఎక్కువగా జేఎన్‌టీయూ (జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) హైదరాబాద్ అనుబంధ ఇంజనీరింగ్ కాలేజీలవి. మీది అటానమస్ కాలేజీ అయినా, డిగ్రీ కాలేజీ అయినా అకడమిక్ రెగ్యులేషన్స్ అనే పుస్తకం ఒకటి ఉంటుంది. చేరిన వారంలోనే దాన్ని తెచ్చుకుని హాజరు, మాల్‌ప్రాక్టీస్ (పరీక్షల్లో అక్రమాలు) అధ్యాయాలు రెండూ చదవండి. అరగంట పని.

ప్రాక్సీ

సెమిస్టర్ మొత్తం మీద అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, దానికి ఆధారం చూపించి, రుసుము కట్టి కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకి మన్నింపు, అడగొచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలకి కూర్చోనివ్వరు, డిటెయిన్ చేస్తారు. ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. 90 పనిదినాలు, రోజుకి 6 పీరియడ్లు అనుకుంటే మొత్తం 540. అందులో 75 శాతం అంటే 405. ఎవరికీ అబద్ధం చెప్పకుండా, ఎవర్నీ బతిమాలకుండా 135 పీరియడ్లు మానే వీలుంది, అంటే 22 రోజుల పైచిలుకు. నాలుగు రోజుల జ్వరం, అక్క పెళ్లి, సంక్రాంతికి రెండు రోజులు ముందే ఊరెళ్లడం, అన్నీ ఇందులో ఇమిడిపోతాయి.

ప్రాక్సీ అడిగేవాళ్లలో చాలామందికి దాని అవసరమే లేదు. తమ హాజరు ఎంతుందో తెలియని భయం వాళ్లచేత అడిగిస్తుంది. కాబట్టి స్నేహితుడికి చేయగల అసలైన సాయం ఆదివారం పూట కూర్చుని అతని లెక్క తీయడమే. సెమిస్టర్ సగమయ్యేసరికి 270 పీరియడ్లలో 180కి వచ్చాడనుకోండి, 66 శాతం పైన ఉన్నాడు. 405 చేరాలంటే మిగిలిన 270లో 225కి రావాలి. ఇక మానగలిగేది 45 పీరియడ్లే. ల్యాబ్ ఒక్క పూట మానితే మూడు పీరియడ్లు పోతాయి కాబట్టి ఆ 45 అనుకున్న దానికంటే త్వరగా కరిగిపోతాయి. ఈ అంకెలు కళ్లముందు కనిపిస్తే సినిమాకి వెళ్లాలా వద్దా అన్నది అతనే తేల్చుకుంటాడు.

ప్రాక్సీ ఎలా బయటపడుతుందో ఒకసారి చూసినవాళ్లకి అర్థమవుతుంది. పిలుపులో 54 మంది "ప్రెజెంట్ సార్" అన్నారు, బెంచీల్లో తలలు 49 ఉన్నాయి. సార్ మళ్లీ మొదటి నుంచి పిలుస్తారు, ఈసారి ఒక్కొక్కర్నీ లేచి నిలబడమంటారు. సంతకాల షీటు అయితే ఒకే పెన్ను, ఒకే వాలు ఉన్న రెండు సంతకాలు దొరికిపోతాయి. ల్యాబ్‌లో హాజరు పడుతుంది, పరికరం ఇచ్చిన రిజిస్టర్‌లో మాత్రం సంతకం ఉండదు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. క్లాసులో ఉన్నాడని రాసి ఉన్న కుర్రాడు ఆ సమయంలో బైకు మీద హైవేలో ఉన్నాడు. ఏదైనా జరిగితే తల్లి కాలేజీకి ఫోన్ చేస్తుంది. "క్లాసులోనే ఉన్నాడమ్మా" అని జవాబొస్తుంది. వెతకడం మొదలవడానికే గంటలు ఆలస్యమవుతుంది. తరవాత ఎవరు విచారించినా మొదట అడిగే కాగితం హాజరు పట్టీయే. అందులో అబద్ధాన్ని రాసింది సార్ చెయ్యే అయినా పలికింది మీ గొంతు. పైగా తెలుగు రాష్ట్రాలు రెండిటిలోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు షరతు ఉంది. అంటే ఈ పట్టీ ప్రజల డబ్బుకి కూడా లెక్క.

చెప్పాల్సిన మాట ఇలా ఉంటే చాలు: "నేను ఎవరిదీ పలకను రా, నాది పలకమని ఎవర్నీ అడగను. నోట్స్ కావాలంటే రాత్రికి ఇస్తా." ఇందులో రెండో భాగం చాలా ముఖ్యం. ఒక్కసారి మీరు ఎవరిచేతనైనా పలికించుకుంటే ఆ రుణం తీర్చక తప్పదు. ఇంకో జాగ్రత్త ఉంది. ఈ మాట మొదటి వారంలోనే, ఎవరూ ఏమీ అడగనప్పుడు, నలుగురి మధ్య మామూలుగా అనేయండి. అవసరంలో ఉన్న మనిషి ఎదుట మొదటిసారి అంటే అది అతన్ని కాదన్నట్టు ఉంటుంది. ముందే తెలిస్తే మీ పద్ధతి అంతేనని ఊరుకుంటారు.

మరి పక్కవాడు ప్రాక్సీ వేస్తుంటే సార్‌కి చెప్పాలా? అక్కర్లేదనే నా అభిప్రాయం. దాన్ని పట్టుకోవాల్సిన మనిషి గదిలోనే ఉన్నారు, మీరు కాపలాకి చేరలేదు. "ఎవరు పలికారు?" అని సూటిగా అడిగితే మాత్రం అబద్ధమాడకండి. "నేను కాదు సార్, పేరు నా నోట చెప్పలేను" అనడంలో నిజమూ ఉంది, స్నేహమూ ఉంది. మీరే సీఆర్ (క్లాసు ప్రతినిధి) అయి హాజరు షీటు మీ చేతులమీదుగా ఆఫీసుకి వెళ్తుంటే పరిస్థితి మారిపోతుంది. అక్కడ మీ సంతకం ఉంటుంది. లేని మనిషి పేరు ఉన్న షీటు మీద సంతకం పెట్టకండి. స్నేహితులకి ఈ సంగతి ముందే చెప్పండి, అది కుదరదంటే సీఆర్ పని వదిలేయండి.

దీని పక్కనే దొంగ మెడికల్ సర్టిఫికెట్ ఉంటుంది. చాలాసార్లు దాన్ని పట్టుకొచ్చేది తల్లిదండ్రులే కాబట్టి వద్దనడం ఇంకా కష్టం. క్లాసు మానడం నిబంధన తప్పడం మాత్రమే. జబ్బు లేకుండా జబ్బు కాగితం పెట్టడం తప్పుడు పత్రం దాఖలు చేయడం. దాని మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఎవరైనా సరిచూడొచ్చు. 68 శాతంతో హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంటు అధిపతి) ముందు నిలబడి "ఇంట్లో ఈ ఇబ్బంది, అందుకే రాలేకపోయాను" అని నిజం చెప్పి, దానికి ఉన్న ఆధారం చూపించడమే మేలు. కాదన్నా మిగిలేది హాజరు సమస్యే. ఇంకో సమస్య దానికి కలవదు.

రీడింగులు కుదరనప్పుడు

ల్యాబ్‌లో తీసే రీడింగుల మీద ఎక్కువ చెప్పాలి. చదువులో నిజాయితీ అలవాటయ్యేదీ, పోయేదీ మొదటి సెమిస్టర్ ల్యాబుల్లోనే.

ఫిజిక్స్ ల్యాబ్‌లో టార్షనల్ పెండ్యులమ్ ప్రయోగం తీసుకోండి, తీగకి వేలాడే పళ్లెం మెలితిరుగుతూ డోలనం చేసేది. ఉక్కు తీగకి రిజిడిటీ మాడ్యులస్ (మెలితిప్పుడుని తట్టుకునే గుణానికి కొలత) చదరపు మీటరుకి 8 × 10¹⁰ న్యూటన్ల దగ్గర రావాలి. మీకు 6.5 వచ్చింది. పక్క బ్యాచ్ వాళ్లకి 7.9 వచ్చింది. వెంటనే పుట్టే ఆలోచన, జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి డోలన సమయాలు "సర్దడం". అలా సర్దేముందు సూత్రం చూడండి. అందులో తీగ వ్యాసార్ధం నాలుగో ఘాతంలో ఉంది. తీగ వ్యాసం 0.5 మిల్లీమీటర్లు అనుకుందాం. స్క్రూగేజి లీస్ట్ కౌంట్, అంటే అది చూపగల అతి చిన్న కొలత, 0.01 మిల్లీమీటరు. ఆ ఒక్క గీత తప్పితే వ్యాసంలో 2 శాతం, జవాబులో 8 శాతం తేడా. జీరో ఎర్రర్ (మధ్యలో ఏమీ లేకుండా మూసినా స్క్రూగేజి చూపే తేడా) చూసుకోక మూడు గీతలు తప్పితే జవాబు పాతిక శాతం చుట్టుపక్కల తిరిగిపోతుంది. మీ 6.5కి కారణం బహుశా స్టాప్‌వాచ్‌లో లేదు, స్క్రూగేజిలో ఉంది.

అందుకని చేయాల్సినవి: మొదట స్క్రూగేజి జీరో ఎర్రర్ రాసుకోండి. తీగ వ్యాసాన్ని ఐదు చోట్ల, ఒక్కో చోట ఒకదానికొకటి లంబంగా రెండు దిశల్లో కొలిచి సగటు తీయండి. ఒక్కో పొడవుకి 20 డోలనాల సమయం రెండుసార్లు తీయండి. వచ్చింది వచ్చినట్టు ఆబ్జర్వేషన్ పుస్తకంలో పెన్నుతో రాసి అదే పూట ల్యాబ్ ఇన్‌చార్జి సంతకం తీసుకోండి. చివర శాతంలో తేడా ఎంతో రాసి, కారణం రెండు వాక్యాల్లో చెప్పండి. వైవా అనే మౌఖిక పరీక్షలో ఎగ్జామినర్ అడిగేది అదే. "ఇంత తక్కువ ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్నకి నిజంగా కొలిచినవాళ్ల దగ్గరే జవాబుంటుంది. సర్దిన రీడింగులు అనుభవం ఉన్న కంటికి ఇట్టే దొరుకుతాయి. చేత్తో నొక్కిన స్టాప్‌వాచ్‌తో తీసిన సమయాలకి, తీగ పొడవుని డోలన సమయం వర్గంతో భాగిస్తే ప్రతి వరుసలోనూ ఒకే అంకె, మూడు దశాంశాల దాకా, రాదు.

కెమిస్ట్రీలో నీటి కాఠిన్యం కొలిచే టైట్రేషన్‌ది (రంగు మారేదాకా బ్యూరెట్ గొట్టం నుంచి ద్రావణం వదిలే ప్రయోగం) కూడా ఇదే కథ. బ్యూరెట్ రీడింగులు 18.5, 18.5, 18.5 అని మూడు వరుసలు, బ్యాచ్‌లో అందరి రికార్డుల్లోనూ అవే. మొదటిసారి చేసే టైట్రేషన్‌లో రంగు మారే ఎండ్ పాయింట్ దాటిపోవడం సహజం. 19.2 అని రాసి, తరవాత రెండు 18.6, 18.5 వస్తే అది చేసిన మనిషి పట్టిక. ద్రాక్షరంగు నీలంగా స్పష్టంగా మారకపోతే పీహెచ్‌ని నిలిపి ఉంచే బఫర్ ద్రావణం చాలలేదేమో చూడండి. పీహెచ్ 10 దగ్గర లేకపోతే ఎండ్ పాయింట్ మసకబారుతుంది. మళ్లీ చేయడానికి పది నిమిషాలు పడుతుంది. అబద్ధం రాయడానికి రెండు నిమిషాలు చాలు కాబట్టే అందరూ అటు పోతారు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి ఉంది. కొన్ని ల్యాబుల్లో పరికరమే పనిచేయదు. బోర్డు మీద రీడింగులు రాసి ఎక్కించుకోమంటారు. వ్యవస్థే అలా ఉంటే విద్యార్థి ఒక్కడూ నిజాయితీగా ఉండి ఏం లాభం అని అడుగుతారు. మొదటి సెమిస్టర్‌లో డిపార్ట్‌మెంటుతో యుద్ధం చేయమని నేను చెప్పను, ఇంటర్నల్స్, అంటే కాలేజీ వేసే మార్కులు, వాళ్ల చేతిలో ఉంటాయి. కానీ మీ ఆబ్జర్వేషన్‌లో పట్టిక పైన "ఇచ్చిన రీడింగులు" అని రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీరు చూడనిదాన్ని చూసినట్టు చెప్పకుండా ఆ రెండు మాటలు ఆపుతాయి. సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్‌లో "ల్యాబ్ బాగాలేదు" అని రాయకుండా, ఏ ప్రయోగం, ఏ నంబరు కిట్, ఏ భాగం పనిచేయడం లేదో రాయండి. అలాంటి ఫిర్యాదు మీదే మరమ్మతు జరిగే అవకాశం ఉంటుంది.

అసైన్‌మెంట్, చాట్‌జీపీటీ

రాత్రి 11 గంటలకి స్నేహితురాలు అసైన్‌మెంట్ పీడీఎఫ్ అడిగింది. పంపితే ఆమె ఒక్కతే చూసి ఊరుకోదు, సెక్షన్ గ్రూపులోకి వెళ్తుంది. పొద్దున్నకి ఇరవై కాపీలు. మీరు చేసిన చిన్న తప్పు, మైనస్ గుర్తు మరచిపోవడమో, ఒక పదం స్పెల్లింగో, ఇరవైటిలోనూ అచ్చంగా ఉంటుంది. మేడమ్ అందరికీ సున్నా వేస్తారు. అందులో అసలైనది మీదేనని రుజువు చేయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

పంపకపోతే స్వార్థం కదా అంటారు. ఇవ్వగలిగినవి బోలెడు ఉన్నాయి. ఏ అధ్యాయంలో ఏ సాల్వ్‌డ్ ప్రాబ్లం దీనికి దగ్గరో చెప్పొచ్చు. మొదటి మెట్టు చెప్పొచ్చు. ఫోన్లో పావుగంట కూర్చుని ఆమె ఎక్కడ ఆగిందో వినొచ్చు. మీ కాగితం తప్ప మీకు తెలిసినదంతా ఇవ్వండి. సాయం చేసినందుకు ఎవరూ శిక్షించరు. ఆమె కూడా మిడ్ పరీక్షలో ఆ లెక్క తనంతట తాను చేయగలుగుతుంది.

చాట్‌జీపీటీ లాంటివాటి మీద నా మాట సూటిగా చెప్తాను. అర్థం చేసుకోవడానికి వాడడంలో తప్పు లేదు. అది రాసినదాన్ని మీ పేరుతో ఇవ్వడం తప్పు. మధ్యలో ఉన్న మసక ప్రాంతానికి ఒక పద్ధతి ఉంది. సి ప్రోగ్రాం అయితే ముందు ఇరవై నిమిషాలు మీరే రాయండి, ఎర్రర్లు వచ్చినా సరే. తరవాత మీ ప్రోగ్రాం చూపించి "ఎక్కడ తప్పు, ఎందుకు?" అని అడగండి, "రాసివ్వు" అనకండి. జవాబు చదివాక స్క్రీన్ మూసేసి మళ్లీ మొదటి నుంచి రాయండి. ప్రతి వరుసా ఏం చేస్తుందో నోటితో చెప్పలేకపోతే సబ్మిట్ చేయకండి. చివర ఒక వాక్యం చేర్చండి: "లూప్ ఎందుకు ఆగడం లేదో చాట్‌జీపీటీని అడిగి తెలుసుకున్నాను, ప్రోగ్రాం నేను రాశాను." సెమిస్టర్ చివర ఆ ప్రోగ్రాం కాగితం మీద పెన్నుతో రాయాలి. అక్కడ మీ చెయ్యి తప్ప ఇంకేదీ పలకదు.

రెండు హెచ్చరికలు. చాట్‌జీపీటీ లాంటివి అసలు లేనే లేని పుస్తకాలనీ, పరిశోధన పత్రాలనీ నిజమైనవాటిలా పుట్టిస్తాయి. సెమినార్ రిపోర్టులో పెట్టే ప్రతి రెఫరెన్సునీ లైబ్రరీలోనో, ప్రచురణకర్త సైట్లోనో కళ్లతో చూడండి. రెండోది, ఏఐ రాసిందో మనిషి రాశాడో చెప్పే సాఫ్ట్‌వేర్లు తప్పు చెప్తాయి, సొంతంగా రాసినవాళ్లని కూడా పట్టిస్తాయి. అందుకే చిత్తుప్రతులు పారేయకండి. గూగుల్ డాక్స్‌లో రాస్తే వెర్షన్ హిస్టరీ ఉంటుంది. నింద పడినప్పుడు ఏడుపు కంటే అది బాగా మాట్లాడుతుంది.

పరీక్ష హాలు

జేఎన్‌టీయూ మాల్‌ప్రాక్టీస్ నిబంధనల్లో చాలామందికి తెలియని సంగతి, చూపించినవాళ్లకీ చూసి రాసినవాళ్లకీ ఒకటే శిక్ష అని. మాటతోనో సైగతోనో సాయం చేసినా, తీసుకున్నా సంబంధించిన అందరినీ హాలు నుంచి పంపించి ఆ సబ్జెక్టు రద్దు చేస్తారు. చిట్టీ చూసి రాస్తూ దొరికితే ఆ సెమిస్టర్‌లో అప్పటిదాకా రాసిన మిగతా సబ్జెక్టులూ పోతాయి, మిగిలిన పరీక్షలూ రాయనివ్వరు. సెల్‌ఫోన్ దగ్గర పెట్టుకోవడమే నేరం. స్విచాఫ్ చేసి ఉంది, వాడలేదు అన్న వాదన నిలవదు. ఒకరి బదులు ఇంకొకరు రాస్తే, రాసినవాడి సీటు పోతుంది, రాయించుకున్నవాడు రెండు సెమిస్టర్లు క్లాసులకీ పరీక్షలకీ దూరమవుతాడు.

"ఒక్క బిట్ చూపించరా" అన్న మాట హాల్లో వినబడితే ఆలస్యమైపోయినట్టే. ముందు రోజు రాత్రే చెప్పేయండి: "హాల్లో నన్ను పిలవొద్దు, కావాలంటే ఇప్పుడు ఒంటిగంట దాకా కలిసి చదువుదాం." ఎవరో విసిరిన చిట్టీ మీ బెంచీ మీద పడితే కాలితో తోయకండి, జేబులో దాచకండి. ఆ క్షణమే చెయ్యెత్తి "ఇది నాది కాదు సార్" అని ఇచ్చేయండి. ఎవరు విసిరారో చెప్పనక్కర్లేదు. ఇన్విజిలేటర్ తానే కనిపెట్టాక మీరు చెప్పే నిజానికి విలువ ఉండదు.

పేపర్ లీకైందని వాట్సాప్‌లో తిరిగేవాటిలో చాలా భాగం డబ్బు కోసం అల్లిన మోసాలు. నిజమైనదైతే ఇంకా ప్రమాదం. డబ్బు కట్టొద్దు, ఫార్వర్డ్ చేయొద్దు. ఫార్వర్డ్ చేసిన ప్రతి మనిషీ ఆ గొలుసులో భాగమే. నమ్మకమున్న లెక్చరర్‌కి చూపించి బయటపడండి.

నోరు విప్పి తీరాల్సినవి

ప్రాక్సీ గురించి చెప్పనక్కర్లేదన్నాను. ఒప్పుకోని మనిషికి దెబ్బ తగులుతున్నప్పుడు ఆ మాట చెల్లదు. ర్యాగింగ్ అలాంటిదే.

ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఏడిపించడం, అవమానించడం వంటివాటికే ఆరు నెలల దాకా జైలు ఉంది. దెబ్బలు, నిర్బంధం, ఆత్మహత్యకి పురికొల్పడం దాకా వెళ్లేకొద్దీ అది యావజ్జీవం వరకు పెరుగుతుంది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకి చనిపోయాక అదే ఏడాది యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు వచ్చాయి. జరిగింది చట్టం కింద నేరమైతే, ఫిర్యాదు అందిన 24 గంటల్లో కాలేజీ అధిపతి ఎఫ్ఐఆర్ పెట్టించాలని వాటిలో ఉంది. చేసిందెవరో తేలకపోతే గుంపు మొత్తానికి శిక్ష వేయొచ్చని కూడా ఉంది. ఈ రెండోది గుర్తుపెట్టుకోండి. పక్కన నిలబడి చూసినవాళ్లకి "నేనేం చేయలేదు" అన్న మాట రక్షణ కాదు.

కొత్త విద్యార్థికి అసలు గుంజాటన, "చెబితే నాలుగేళ్లూ వెలివేస్తారు" అన్నది. ఆ భయం నిజమైనదే. అందుకే తొందరపడి వెళ్లకుండా పద్ధతిగా వెళ్లాలి. జరిగిన రోజే తేదీ, సమయం, చోటు, ఉన్నవాళ్ల పేర్లు, అన్న మాటలు అన్నట్టుగా రాసుకోండి. మెసేజీలైతే స్క్రీన్‌షాట్ తీయండి, గ్రూపు పేరూ పంపినవారి నంబరూ కనిపించాలి. ఒంటరిగా వెళ్లకండి, అదే అనుభవం ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. కాలేజీలో చెప్పడానికి ధైర్యం చాలకపోతే 1800-180-5522 రాత్రింబవళ్లు పనిచేసే జాతీయ హెల్ప్‌లైన్. వచ్చే ఏడాది "మాకూ చేశారు కదా" అంటూ ఇదే గుంపు మిమ్మల్ని సీనియర్ల వరుసలో నిలబెడుతుంది. ఆ సాయంత్రం మీరు ఎక్కడ ఉంటారో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

ఇంతకంటే కష్టమైనది రహస్యం. రూమ్మేటు రాత్రి రెండింటికి "బతకాలని లేదు, ఎవరికీ చెప్పనని ఒట్టేయ్" అంటుంది. మీరు ఒట్టేస్తారు. ఇప్పుడు ఏం చేయాలి? చెప్పాలి. ఈ ఒక్క ఒట్టు తప్పడం ద్రోహం కాదని నేను గట్టిగా నమ్ముతాను. వీలైతే అసలు ఆ ఒట్టే వేయకండి. "నీకు ప్రమాదమనిపిస్తే చెప్తాను, నీకు చెప్పకుండా మాత్రం చెప్పను" అనండి. చచ్చిపోవాలనుకుంటున్నావా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మాత్రలు, బ్లేడ్లు, చున్నీలు లాంటివి అందకుండా చూడండి. మేడ మీదికి వెళ్తానంటే తోడు వెళ్లండి. సలహాలు, ఉపన్యాసాలు, "నాకంటే నీకు నయం కదా" అన్న పోలికలు వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు. తెల్లారేలోగా వార్డెన్‌కీ, ఆమె ఇంట్లో ఆమె నమ్మే ఒక పెద్దకీ తెలియాలి. నమ్మకం ఉన్నది అక్క మీదైతే అక్కకే. నాన్నకే చెప్పి తీరాలని లేదు. ఇంత బరువు పద్దెనిమిదేళ్ల మనిషి ఒంటరిగా మోయాల్సింది కాదు. కొన్నాళ్లు ఆమె మీతో మాట్లాడకపోవచ్చు. మాట్లాడకుండా ఉండడానికైనా ఆమె ఉండాలి.

అమ్మాయిల ఫోటోలు, ఎవరివో ప్రైవేటు మెసేజీలు గ్రూపులో తిరిగినప్పుడు కూడా అంతే. చూసి నవ్వకుండా ఊరుకోవడం చాలదు. సంబంధించిన అమ్మాయికి విషయం చెప్పండి, గ్రూపులో "తీసేయండి" అని ఒక్క మాట రాయండి. అలా రాసిన మొదటి మనిషి తరవాత మరో నలుగురు రాస్తారు.

ఖాతా అద్దెకిచ్చినవాళ్లకి

"అన్నా, నీ బ్యాంకు ఖాతా రెండు రోజులు వాడుకుంటా, వచ్చినదాంట్లో కమీషన్ ఇస్తా" అని హాస్టళ్లలో తిరిగే బేరానికి ఇప్పుడు చాలామంది బలవుతున్నారు. ఏటీఎం కార్డు, ఆ ఖాతాకి కలిపిన సిమ్ అడుగుతారు. ఆ ఖాతాలోకి వచ్చేది సైబర్ మోసంలో ఎవరో పోగొట్టుకున్న డబ్బు. బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే డబ్బు వెళ్లిన దారిలో ఖాతాలు వరుసగా స్తంభిస్తాయి. పోలీసులకి మొదట దొరికేది ఆధార్, పాన్ ఇచ్చి ఖాతా తెరిచిన మీ పేరు. మోసం ఏ రాష్ట్రంలో జరిగితే నోటీసు అక్కడి నుంచి వస్తుంది. అదే ఖాతాలో పడాల్సిన స్కాలర్‌షిప్ కూడా ఆగిపోతుంది. నేను మొదట చెప్పిన మూడు ప్రశ్నలకీ చెడ్డ జవాబే వచ్చే పని ఇది. పేరు మీది, దెబ్బ ముక్కూమొహం తెలియని మనిషికి, వెనక్కి తీసుకోవడం అసాధ్యం.

ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఇవాళే చేయాల్సినవి ఉన్నాయి. బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించి ఫిర్యాదు నంబరు రాసుకోండి. సిమ్ ఇచ్చేసి ఉంటే మీ ఆధార్‌తో కంపెనీ స్టోరుకి వెళ్లి పాతది ఆపించి, అదే నంబరుతో కొత్తది తీసుకోండి. మర్నాడు బ్రాంచికి వెళ్లి జరిగింది రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఖాతాలో మిగిలిన డబ్బు ఒక్క రూపాయి కూడా తీయకండి, "వెనక్కి పంపేస్తా" అని కూడా ఎవరికీ పంపకండి. అడిగినవాడితో జరిగిన చాట్ చెరపకండి, మీరు మోసపోయారనడానికి ఉన్న ఆధారం అదే. ఇంట్లో ఒక పెద్దకి చెప్పండి, వీలైతే వకీలుని అడగండి, ఆ తరవాత నోటీసు వచ్చేదాకా ఆగకుండా మీ అంతట మీరే సైబర్ క్రైమ్ పోలీసు స్టేషన్‌కి వెళ్లి, బ్యాంకు ముద్ర వేసిన ప్రతిని జతచేసి ఫిర్యాదు ఇవ్వండి.